పెనాక్ గారి తేనెటీగలకు కబురు

మా అమ్మమ్మ సలోమీ ఇంగ్లీషు మాట్లాడదు. రాక కాదు, పంతం. పెళ్లైన కొత్తలో లాంకాస్టర్ బజారులో ఒక ఇంగ్లీషు దుకాణదారు సముద్రం దాటి వలసొచ్చిన మా జర్మన్ వాళ్ల యాస ఆమె నోట విని ఎగతాళి చేశాడట. ఇక ఆ భాషలో నోరు విప్పనని ఆ రోజే తీర్మానించుకుంది. మొండితనంలో మా కంచరగాడిద కూడా ఆమె దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

మా పొలం కంచెకు అవతల ఇంగ్లీషాయన పెనాక్ గారి ఆపిల్ తోట, తోట చివర తేనెటీగల పెట్టెలు. ఏళ్ల తరబడి వీళ్లిద్దరూ కంచె మీద మోచేతులు ఆనించి, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఆయన బ్రెడ్ అంటే ఈమె బ్రోట్ అనేది. ఆయన మిల్క్ అంటే ఈమె మిలిచ్. మధ్యలో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

“మీ ఇంగ్లీషు మా భాషేనయ్యా. ఓడలో తడిసి పలచబడింది,” అనేది అమ్మమ్మ.

“మీదీ మాదేనమ్మా. పొయ్యి మీంచి తొందరపడి దించేశారు,” అనేవాడు పెనాక్.

మా తాతముత్తాతలూ వాళ్ల తాతముత్తాతలూ ఒకప్పుడు ఒకే చలి సముద్రపొడ్డున పశువులు కాచుకున్నవాళ్లేనని ఆయన చెప్పేవాడు. బడి మధ్యలో మానేసినదాన్ని, నాకేం తెలుసు? కానీ రెండు ఇళ్లలోనూ ఒక ఆచారం ఉంది. ఇంటి పెద్ద పోతే, ఆ సంగతి తేనెటీగలకు చెప్పాలి. చెప్పకపోతే అలిగి లేచిపోతాయి. ఇంగ్లీషువాళ్లు ఇంటి తాళంచెవితో పెట్టెను తట్టి చెబుతారు. మావాళ్లు శవపేటిక లేచేటప్పుడు తేనెపెట్టెను కూడా కాస్త ఎత్తుతారు.

మంచం పట్టాక పెనాక్ ఒక్కటే అడిగాడు, తన ఈగలు చెదిరిపోకుండా చూడమని. అమ్మమ్మ మాటిచ్చింది.

ఆపిల్ పూత మీద ఉండగా ఆయన పోయాడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన కూతురు రెబెకా ఇవన్నీ పాత చాదస్తాలంది. అమ్మమ్మ వాదించలేదు. చెయ్యి చాపి నిలబడింది. తాళంచెవి ఇచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు.

“అవి ఇంగ్లీషు విని పెరిగిన ఈగలు అమ్మమ్మా. నేను చెప్తాలే,” అన్నాను.

“మాటిచ్చింది నువ్వటే, నేనా?”

పెట్టెలన్నిటినీ తాళంచెవితో తట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఎందుకైనా మంచిదని, అటు పేటిక లేస్తుండగా ఇటు పెద్ద పెట్టె అంచు పట్టి ఎత్తింది. తట్టి లేపిన ఈగల్ని మళ్లీ కుదిపితే ఊరుకుంటాయా? బుస్సుమని లేచాయి. నేను చెట్టు చాటుకు దూకాను. ఒకటి ఆమె ముక్కు మీద కుట్టింది, ఇంకొకటి కనురెప్ప మీద. పేటిక ఇంకా గేటు దాటలేదు కనుక ఆమె పెట్టె దించలేదు.

అప్పుడు, ఊరంతా వింటుండగా, ఇంగ్లీషులో చెప్పింది.

“మీ అయ్య పోయాడు. ఇల్లు వదలకండి. నేనున్నాను, పక్కింటిదాన్ని.”

యాస బండరాయిలా ఉంది. ఎవరూ నవ్వలేదు. రెబెకా పేటిక వెంట వెళ్లకుండా వెనక్కి వచ్చి, తన టోపీకున్న నల్ల రిబ్బను విప్పి ఆ పెట్టెకు కట్టింది.

మర్నాడు అమ్మమ్మ ముఖం గుమ్మడికాయలా వాచింది. ఒక్క కన్నుతోనే కంచె దగ్గర కాపలా కాసింది. పూత రాలిపోయేదాకా కాసింది. ఈగలు కదల్లేదు. రెబెకా వాటిని ఆమెకే వదిలి వెళ్లింది. అమ్మమ్మ కంచెలో రెండు కమ్మీలు ఊడదీయించి దారి చేసుకుంది.

బజారులో ఇప్పటికీ ఇంగ్లీషు ముక్క మాట్లాడదు. పెట్టెల దగ్గర మాత్రం రోజూ పొద్దున్నే, ఆ బండయాసతోనే, మీ అయ్య మాట తప్పు, మీది తడిసిన భాషే అని వాటికి నచ్చజెబుతుంది. ఆమె ఇంగ్లీషు వినాలనుకున్నవాళ్లు రావచ్చు. ముఖానికి గుడ్డ కట్టుకుని రండి.