చుట్టింది నేను, చెయ్యి ఆయనది

మా పక్క షాపు అన్న పోయిన మంగళవారం పొద్దున కాలం చేశారు. గుండె నొప్పి అని కోయంబత్తూరు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందని ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేనొక మోటారుకు తీగ చుడుతున్నాను. ఆ చుట్టు పూర్తి చేసే లేచాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆయన గురించి అబద్ధం రాయలేను.

అన్నూరు బస్సు రోడ్డు మీద మా రెండు మోటారు వైండింగ్ షాపులకూ మధ్య ఒకటే పొట్టి గోడ. నాకు పని నేర్పినవాళ్ళు లేరు. కాలిపోయిన మోటార్లు విప్పి, చుట్లు లెక్కపెట్టి నేర్చుకున్నాను. చదివింది తమిళ బడిలో కాబట్టి తెలుగు రాయడమూ అలా సొంతంగా నేర్చుకున్నదే. చేసిన ప్రతి మోటారు కొలతలూ ఆ రోజే పుస్తకంలో రాసుకుంటాను. అన్న ఏదీ రాసుకునేవారు కారు. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవారు. "ఆయనది కైరాశి" అనేవారు. హస్తవాసిని మేమిక్కడ అలా అంటాం. తోటలో నీళ్ళ మోటారు ఎవరు బిగించినా మొదటి స్విచ్ వేయడానికి ఆయన్నే పిలుచుకుపోయేవారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన బండికి అరటిగెల వేలాడేది. అది కంట పడకూడదని నేను తల వంచుకునేవాణ్ణి. సాయంత్రం అందులో సగం గోడ మీదుగా నాకే ఇచ్చేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఒకసారి అరటితోట పెద్దాయన ఒకరు నేను చుట్టిన మోటారును నాలుగో రోజే తిరిగి తెచ్చారు. "కాలతా ఉండాదప్పా, చెయ్యి పెట్టేదానికి లేదు" అన్నారు. రెండు గంటలు నడిపి, కరెంటు కొలిచి చూపించాను. తప్పేమీ లేదు. అయినా ఆయన మోటారును పక్క షాపుకు మోయించుకుపోయారు.

గోడ ఇవతల నుంచి చూశాను. అన్న మూత విప్పారు, లోపలికి చూశారు, మళ్ళీ బిగించారు. "ఇంక కాలదు మామా. పోయి అరిటికి నీళ్ళు కట్టుకో."

వారానికి పెద్దాయన వచ్చి వీధిలో నిలబడి చెప్పారు. "ఐసు మాదిరి ఉండాది!"

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "ఏం చేసినారన్నా?"

"ఏమీ చెయ్యలా తంబీ. నీ వైండింగే. నాకంటే బాగా చుట్టుండావు. మోటారు ఇచ్చేటప్పుడు నువ్వేమంటావు?"

"ఏమన్నా అయితే తీసుకురండి అంటాను. న్యాయమే కదా?"

"ఆమా, న్యాయమే. ఆ మనిషి ఏమవుతాదో అని దాని పక్కనే కూర్చోని, చెయ్యి పెట్టి పెట్టి చూస్తాడు. అట్ల చూస్తే పెండ్లాం నుదురు కూడా కాలతాది."

"అయితే అది నా పనేనని ఆయనకు చెప్పండి."

"చెప్తాను. రేపే మళ్ళీ కాలతాది. చెప్పేదా?"

వద్దన్నాను. మర్నాడు ఒక రైతుకు మోటారు అప్పగిస్తూ, అన్న మాదిరే "ఇంక కాలదు, పోండి" అన్నాను. అతను నా ముఖం చూసి "ఏమప్పా, ఒళ్ళు బాగలేదా?" అని అడిగాడు.

ఆ తర్వాత అన్న మొండి మోటార్లను నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. పంపిన ప్రతిసారీ ఒకటే మాట, "ఇది నీ చేతికే లొంగుతాది తంబీ." నాతో ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. అలా వచ్చిన మోటారు ఒక్కటీ తిరిగి రాలేదు. పుస్తకం తిరగేసి చూశాను.

శ్మశానం దగ్గర అరటితోట పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆయన చేసిన మోటారు ఈ రోజుకీ తిరగతా ఉండాది. ఇంక అట్లాంటి చెయ్యి యాడుండాది తంబీ?"

అది నా మోటారని తెలిసిన ఇంకొక్క మనిషి అప్పుడు కట్టెల మీద ఉన్నారు. నేను చెప్పకపోతే ఇక ఎవరికీ తెలియదు. 

"ఎక్కడా లేదు మామా" అన్నాను.

తిరిగి వస్తుంటే బస్సు ఆ పెద్దాయన తోట పక్కనే కాసేపు ఆగింది. మోటారు పైపు నుంచి నీళ్ళు తెల్లగా, లావుగా తొట్టిలో పడుతున్నాయి. ఒకామె దోసిలి పట్టి ముఖం కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుంటూ అరటిచెట్ల మధ్యకు నడిచిపోయింది. నీళ్ళు ఆమె వెనకాలే కాలువలో పోతున్నాయి.