వెర్న్ పికప్‌కి చాలని బలం

వెర్న్ టోస్ట్రుడ్‌ది ఒకటే యావ. తన డీజిల్ పికప్‌కి బలం చాలదని. కొన్ననాడు చాలలేదు, పాతికేళ్ల తరవాతా చాలలేదు. వయోమింగ్‌లో కొండ కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో ఎవరైనా "ఎలా ఉన్నావు వెర్న్?" అని పలకరిస్తే, "నేను బాగానే ఉన్నాను. కొండ చడావెక్కేటప్పుడు బండే కాస్త ఆయాసపడుతోంది" అనేవాడు. పలకరించినవాడు అరగంటదాకా కదలడానికి వీల్లేదు.

ఆ అరగంటకి ఎక్కువగా బలయ్యేవాడు ఆర్లో బెక్‌మన్. ఆర్లోది పశువుల దాణా కొట్టు. కొట్టు వదిలి పారిపోలేడు కాబట్టి వెర్న్‌కి అతను అనుకూలమైన శ్రోత. ఆర్లో కూడా ఊరికే వినేవాడు కాదు. వెర్న్‌ని ఆటపట్టించడంలో ఊరి మొత్తానికీ పెద్దపీట అతనిదే.

మొదట పొగగొట్టం మార్చాడు వెర్న్. లోపలి పొగ ఎంత తేలిగ్గా బయటికి పోతే ఇంజన్ అంత సుఖంగా ఊపిరి పీలుస్తుందని సిద్ధాంతం. ఆదివారం చర్చి ముందునించి ఆ బండి పోతుంటే పాస్టరు ప్రసంగం ఆపి, చప్పుడు ఊరు దాటేదాకా కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అందరూ ప్రార్థన అనుకుని తామూ కళ్లు మూసుకున్నారు.

"అది పొగగొట్టమా, సొరంగమా?" అన్నాడు ఆర్లో. "మా పిల్లి అందులో కాపురం పెట్టేస్తుంది."

"పెట్టనీ. చడావులో మటుకు దిగిపొమ్మను. వేడి ఎక్కువ."

తరవాత పంపు తిప్పి, ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కువ పారేటట్టు చేశాడు. బలం వచ్చిందో లేదోగాని పొగ మాత్రం కాటుకలా వచ్చింది. పెరట్లో ఆరేసిన దుప్పట్లన్నీ నల్లబడ్డాయి. వెర్న్ పెళ్లి చేసుకోలేదు. అక్క ఆర్డిస్‌తో ఉండేవాడు. ఆవిడ ఒక దుప్పటి తెచ్చి తమ్ముడి మొహం ముందు పట్టుకుంది.

"ఇదేం రంగురా?"

"డీజిల్‌కి తగ్గ గాలి అందడంలేదక్కా. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో పెద్దది పెడితే సరి."

"నేను అడిగింది దుప్పటి సంగతి!"

"నేను చెప్పేదీ అదేగా."

పెద్ద టర్బో వచ్చింది. గాలి అందింది, పొగ పోయింది, బలం వచ్చింది. ఆ బలానికి క్లచ్ జారిపోయింది. గట్టి క్లచ్ వేస్తే గేరుపెట్టె వేడెక్కింది. దాన్ని చల్లబరచడానికి ఇంకో చిన్న రేడియేటరు. ఇంత బరువు లాగే బండి దిగేటప్పుడు ఆగాలి కదా అని ట్రెయిలర్‌కి కొత్త బ్రేకులు. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాలకి ఆవుని తెచ్చుకున్న సన్యాసి సంసారంలా తయారైంది వ్యవహారం.

"ఇంతకీ నువ్వు లాగేదేమిటి?" అని ఆర్లో అడిగాడు. "నీకు ఆవుల్లేవు, గుర్రాల్లేవు. ఉన్న ఒక్క అక్కా తన కారులో తను తిరుగుతుంది."

అది నిజమే. దానికి వెర్న్ దగ్గర ఒకటే జవాబు ఉండేది: పరీక్ష. నాలుగేళ్లుగా మే నెలనించి అక్టోబరుదాకా ప్రతి సోమవారం, ప్రతి గురువారం ట్రెయిలర్ మీద పెద్ద ట్యాంకు పెట్టి, ఊరి కుళాయి దగ్గర నీళ్లు నింపి, తొమ్మిది మైళ్ల చడావు ఎక్కేవాడు. మధ్యాహ్నం ఖాళీ ట్యాంకుతో దిగేవాడు. ఎక్కేటప్పుడు బరువు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకుల పరీక్ష.

"ఆ నీళ్లేం చేస్తావు పైన?"

"పారబోస్తా."

"కొండకి నీళ్లు పోసి పెంచుతున్నావా? రేపది ఇంకా ఎత్తయితే నీ బండికి మళ్లీ బలం చాలదు కదయ్యా!"

కొట్టంతా నవ్వింది. వెర్న్ కూడా నవ్వాడు. నవ్వి, పొగ వేడి చూపించే ముల్లు గురించి మొదలుపెట్టాడు. ఆ ముల్లు పన్నెండొందల డిగ్రీలు దాటి అక్కడే నిలిచిందా, పిస్టన్లు వెన్నలా కరుగుతాయట. నిన్న పదకొండొందల ఎనభై దగ్గర నిలిపాడట. ఆర్లో గుర్రపు దాణా తూస్తూ ఆవులించాడు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం వెర్న్ కొట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆర్లో, ఇంకో యాభై డిగ్రీలు తగ్గించే కిటుకు దొరికింది. ఏం చేశానంటే..."

"ఇప్పుడు కాదు వెర్న్," అన్నాడు ఆర్లో తల ఎత్తకుండానే. బస్తాలు దింపే లారీ వచ్చి ఉంది.

"సరే. రేపు చెబుతా."

ఆ రేపు రాలేదు. ఆ సాయంత్రం కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు వెర్న్. అరవై ఎనిమిదేళ్లు. గుండె.

ఆ యాభై డిగ్రీలు ఎలా తగ్గాయో ఆర్లోకి ఎప్పటికీ తెలియలేదు. నాలుగు రోజులపాటు బస్తాలు తూస్తూ అంకెలు మరిచిపోయాడు. అరగంట కాదు, రెండు నిమిషాలు. రెండు నిమిషాలు వినివుంటే ఆ లారీ ఎక్కడికి పోయేది?

సమాధి దగ్గర ఒక విచిత్రం జరిగింది. కొండ మీదనించి హోలిస్ దిగివచ్చాడు. హోలిస్ ఆర్లోకి సొంత అన్న. నాన్న గుర్రాన్ని తనతో చెప్పకుండా అమ్మేశాడని ఆర్లో అతనితో మాటలు మానేసి పదకొండేళ్లు. నాలుగేళ్ల కిందట అన్న బావి ఎండిపోయిందని ఎవరో చెబితే, "దాహం వేస్తే కొండ దిగి రానీ" అని కొట్లో అందరిముందూ అన్నాడు. హోలిస్ దిగి రాలేదు. ఆర్లో మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు హోలిస్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, తమ్ముడి పక్కన నిలబడి, మెల్లిగా అన్నాడు:

"మంచు కరిగిపోతోంది. ఈ ఏడు నీళ్లెవరిచేత పంపిస్తావు?"

"ఏ నీళ్..." అనబోయాడు ఆర్లో. అంతలో ఆర్డిస్ అతని కాలు తొక్కింది. డెబ్బై రెండేళ్ల మనిషి తొక్కవలసిన తొక్కుడు కాదది.

తరవాత తన వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది ఆవిడ. "నువ్వు ఆ మాట అన్నరోజు మా వాడు అన్నం ముట్టలేదు. మర్నాడే ట్యాంకు కొన్నాడు. ఆ నీళ్లు నీ పేరు చెప్పి ఇచ్చాడు. తనిస్తున్నానంటే మీ అన్న పుచ్చుకోడుగా."

"మరి ఆ టర్బో, ఆ క్లచ్..."

"మొదట అయిదొందల గ్యాలన్లు. మీ అన్న గొర్రెలకి చాలలేదు. ఎనిమిదొందలు లాగాలంటే టర్బో మార్చక తప్పలేదు. మరుసటేడు గొర్రెలు కవలల్ని ఈనాయి. ఇంకా నీళ్లు కావాలని వీడు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చాడు."

నాలుగేళ్లు తను నవ్విన ప్రతి పొగా, ప్రతి మరమ్మతూ తన పేరుమీదే కొండ ఎక్కింది. ఒక్కసారి కూడా ఆ మనిషి తిరిగి దెప్పలేదు. దెప్పడానికి ఎంత సరుకుంది!

"చెప్పొచ్చుగా నాతో?" అన్నాడు చివరికి.

"నువ్వు వినేవాడివైతేగా," అంది ఆర్డిస్, వెర్న్ బండి తాళంచెవి బల్లమీద పెడుతూ.

మే నెల మొదటి సోమవారం దాణా కొట్టు తలుపుకి తాళం వేసివుంది. ఊరి కుళాయి దగ్గర జనం నోళ్లు వెళ్లబెట్టారు. వెర్న్ బండిలో ఆర్లో! "ఏమయ్యా, నీకూ అంటుకుందా ఆ జబ్బు?" అని ఎవరో అరిచారు. ఆర్లో కిటికీ అద్దం ఎత్తేశాడు.

చడావు మొదలయ్యే చోట భయపడ్డాడు. వెనకాల మూడున్నర టన్నుల బరువు. గేరు తగ్గించి, పెడలు తొక్కాడు. టర్బో సన్నగా ఈల వేసింది. బండి పిండిబస్తా ఎత్తే పహిల్వానులా నడుం వంచకుండా ఎక్కసాగింది. ముల్లు వెయ్యి దాటింది, పదకొండొందల దగ్గర ఊగింది, అక్కడే ఆగింది. తొమ్మిది మైళ్లలో ఒక్కసారి కూడా పన్నెండొందల వైపు చూడలేదు.

"బాగుంది వెర్న్," అన్నాడు ఆర్లో పక్క సీటు వైపు తిరిగి. "చాలా బాగుంది." పాతికేళ్లలో మొదటిసారి. వినే మనిషి లేనప్పుడు. రెండు మలుపులు రోడ్డు మసగ్గా కనిపించింది.

పైన హోలిస్ గొట్టం తగిలించాడు. తొట్లోకి నీళ్లు పడుతుంటే గొర్రెలు తోసుకుంటూ వచ్చాయి. ఆర్లో ట్యాంకు కుళాయి సరిచూసి అన్న దగ్గరికి వచ్చాడు.

"హోలిస్. ఒక మాట చెప్పాలి. ఈ నాలుగేళ్లూ ఆ నీళ్లు పంపింది నేను కాదు. ఒక్క ట్యాంకు కూడా."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"మొదటిరోజునించీ. 'ఆర్లో ప్రేమతో పంపించాడు' అన్నాడు. 'ఆర్లో పంపించాడు' అని ఊరుకుంటే నమ్మేవాణ్ణే."

"మరి ఏమీ అనలేదేం? సమాధి దగ్గరా నన్నే అడిగావు!"

"ఎలా అంటానురా? అబద్ధం చెప్పినప్పుడల్లా పాపం చెవులు ఎర్రబడేవి. వారానికి రెండు చొప్పున కొత్తకొత్తవి తయారుచేసుకుని వచ్చేవాడు. అంత కష్టపడి తెచ్చినవాణ్ణి వెనక్కి పంపుతామా? సమాధి దగ్గర మటుకు ఆ అబద్ధాన్ని నేనెలా చెరుపుతాను? మొన్న అక్టోబరులో అయితే, నువ్వు నన్ను తలుచుకుని ఏడ్చావన్నాడు."

"నేనా?"

"దాణా బస్తాల మీద పడి. వెక్కివెక్కి."

ఆర్లోకి నవ్వు ముంచుకొచ్చింది. దాని వెనకే ఇంకోటి కూడా. మొహం పక్కకి తిప్పుకుని చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నేనేం ఏడవలేదు," అన్నాడు గట్టిగా.

"సరేలే," అన్నాడు హోలిస్, ఇంటివైపు నడుస్తూ. "రా, కాఫీ పెడతాను. నీళ్లున్నాయిగా."