కల్లంలో కడిగిన చేతులు

నా చిన్నప్పుడు మిరప కల్లాల కాలం వచ్చిందంటే మా వాడలో ఆడవాళ్ళెవరూ పగటిపూట ఇళ్ళల్లో కనిపించేవాళ్ళు కాదు. ఊరి చివర కల్లంలో ఎర్రటి కాయల రాశి చుట్టూ గుండ్రంగా కూర్చుని తాలు ఏరుతూ ఉండేవాళ్ళు. తాలు అంటే రంగు వెలిసి తెల్లబారిపోయిన కాయ. దాన్ని ఏరి గంపలో పడేయాలి, ఎర్రకాయను ఎదర కుప్ప పోయాలి. చెప్పడానికి పని ఇంతే. కానీ ఆ గుండ్రంలోంచి వచ్చే నవ్వులు నాలుగు చేల అవతలికి వినిపించేవి. ఏ కోడలు అత్తను ఎలా బురిడీ కొట్టించిందో, ఎవరి మొగుడు అలిగి అన్నం మానేశాడో, అన్నీ అక్కడే తేలేవి. పిల్లలకు మాత్రం అక్కడ చోటు లేదు. దూరంగా నిలబడి కోళ్ళను అదిలించడమే మా పని.

తొమ్మిదేళ్ళప్పుడు నాకు ఆ గుండ్రంలో కూర్చోవాలని పిచ్చి పట్టుకుంది. ముఠాను నడిపే మేస్త్రి అత్త మా వెనకింట్లోనే ఉండేది. అరవడానికి అడ్డమని ఆవిడ మిగతావాళ్ళలా మూతికి గుడ్డ కూడా కట్టేది కాదు. నెల్లాళ్ళు వెంటపడి ప్రాణం తీస్తే, బడి లేని ఒక రోజు చివరికి ఒప్పుకుంది.

"సాయంత్రం దాకా లేవకుండా కూర్చున్నావా, నువ్వూ మా జట్టే. మధ్యలో ముక్కు చీదావా, మళ్ళీ కోళ్ళ దగ్గరికే. ఇక నన్ను అడగమాకు" అంది.

చేతులకు ఆముదం రాసుకుని, మా అమ్మ పాత రవిక బొందులు బిగించి తొడుక్కుని, పక్కింటి అక్క పక్కన గర్వంగా కూర్చున్నాను.

మిరపకాయ పట్టిన చేత్తో ఒంటిమీద ఎక్కడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ చోటు గంటసేపు భగభగమంటుంది. అందుకని మా ముఠాలో ఒకరు కాయ జోలికి పోకుండా, చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, భుజాన తడిగుడ్డ వేసుకుని అందరి మధ్యా తిరిగేవారు. ఆ పని మా నాయనమ్మది. దాహమన్నవాళ్ళ నోట్లో చెంబెత్తి నీళ్ళు పోసేది. కళ్ళమీద పడే వెంట్రుకలు వెనక్కి తోసేది. చెమట తుడిచేది, దురద పెట్టిన చోట గోకేది. ఒక్కొక్కరి వెనకాలా వంగి "ఎక్కడమ్మా?" అని అడిగేది. వాళ్ళు "కుడి భుజం", "మెడ కింద" అని మాట ఆపకుండానే చెప్పేవాళ్ళు. మేస్త్రి అత్త మాత్రం ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. పెద్దరికమంటే అదేననుకున్నాను నేను. నాయనమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా "నాకేం లేదు" అని తల అడ్డంగా ఊపేదాన్ని.

ఎండ నడినెత్తికి రాకముందే వీపు మధ్యలో ఏదో గుచ్చుకోవడం మొదలైంది. మొదట చీమంత. భుజాలు కదిలించి చూశాను, పోలేదు. కాసేపటికి నాకు ప్రపంచంలో అన్నీ తప్పుగానే కనిపించాయి. అక్క గాజుల చప్పుడు తలలో కొట్టినట్టుంది. ఎదురుగా ఉన్నవాళ్ళు నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది.

"నీ మోచేయి తగుల్తోంది, అవతలికి జరుగు!" అని అక్క మీద అరిచాను.

"అబ్బో! మహారాణి గారికి సింహాసనం ఇరుకైందంట, అందరూ లేచి నిలబడండే!" అంది అక్క. కల్లమంతా నవ్వు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మసకలో చేతులు ఏది ఎటు వేస్తున్నాయో చూసుకోలేదు.

చూసింది మేస్త్రి అత్త. "ఎవరిదే ఈ కుప్ప? తాలంతా ఎర్రకాయల్లో కలిపేశావు గదే! సాయంత్రం ట్రాక్టరొస్తే రైతుకి ఏం చెప్పను? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? లే! పో కోళ్ళ దగ్గరికి!"

నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. నన్నొకసారి, మేస్త్రి అత్తనొకసారి తేరిపార చూసి, అత్త దగ్గరికే నడిచింది.

"ఏమ్మే, పొద్దుటి నుంచీ ముక్కు ఎగరేస్తున్నావు. ఏంటది?"

"ఏం లేదులే పెద్దమ్మా."

"ఏం లేనిదానివి ఇందాకటి నుంచీ కనపడ్డవాళ్ళనల్లా కరుస్తున్నావెందుకు? ఇటు తిరుగు."

మేస్త్రి అత్త ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత చంటిపిల్లలా కళ్ళు మూసుకుని మొహం ముందుకు చాచింది. "ముక్కు కొనమీద, పెద్దమ్మా. చంపుతోంది" అంది, ఆవిడ గొంతులో నేనెప్పుడూ వినని సన్నటి స్వరంతో.

పక్క చేలోంచి ఎగిరొచ్చిన పత్తి పోగు. నాయనమ్మ తడిగుడ్డ కొసతో దాన్ని తీసేసి, ముక్కంతా మెల్లగా రుద్దింది. "అమ్మయ్య! దేవునికి స్తోత్రం!" అంది మేస్త్రి అత్త.

"ఓ పత్తి పోగుకా అత్తా, మమ్మల్ని ఇంతసేపు ఉతికి ఆరేశావు!" అని పక్కింటి అక్క అనగానే కల్లం కల్లమంతా పడీపడీ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్త్రి అత్తే.

ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది. "నాయనమ్మా, నాకు వీపు మీద" అన్నాను.

రవికలో చెయ్యి పెట్టి గోరంత ఎండు తొడిమను బయటికి తీసింది. తడిగుడ్డతో వీపు తుడిచి, ఆ తొడిమను నా కళ్ళముందు పట్టుకుని, "ఇదుగో, నీతో గొడవ పెట్టుకుంది ఇది. అక్క కాదు" అంది.

అంత హాయి నేను ఎప్పుడూ ఎరగను. ఒళ్ళంతా దూదిలా తేలికైంది. అక్క గాజుల చప్పుడు కూడా వినసొంపుగా ఉంది.

మేస్త్రి అత్త నన్ను లేవమనలేదు. "ఆ కుప్పంతా మళ్ళీ ఏరు" అంది. అక్క తన పని పక్కన పెట్టి నాతోపాటు ఏరింది. పొద్దు వాలేలోపు నేను నాయనమ్మను మరో మూడుసార్లు పిలిచాను. ఒకసారి ఏమీ లేకపోయినా పిలిచాను. ట్రాక్టరు వచ్చేసరికి మా కుప్పలో తాలన్నది లేదు. అందరం మజ్జిగతో చేతులు కడుక్కుంటుంటే, "వచ్చే సెలవుకి కూడా అక్క పక్కనే కూర్చో. చోటు ఉంచుతాలే" అంది మేస్త్రి అత్త. ఇంటిదాకా గంతులేస్తూనే వెళ్ళాను.

నేను ఐదో తరగతి దాటలేదు. అయినా ఆ రోజు నేర్చుకున్నది ఇంకా నాకు అక్కరకొస్తూనే ఉంది. మనసు చిటపటలాడితే, ఎవరి తప్పో వెతికే ముందు నా ఒంట్లో ఏం ఇబ్బందిగా ఉందో చూసుకుంటాను. నా చెయ్యి అందకపోతే మరొకరిని అడుగుతాను. మొన్నటికి మొన్న పొద్దున్నే కోడలు ఇచ్చిన టీ నాకు నచ్చలేదు. చప్పగా ఉందన్నాను, చల్లారిందన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అప్పుడు గమనించాను, కొత్త కళ్ళజోడు కాడ చెవి పక్కన నొక్కేస్తోంది. "దీన్ని కాస్త వదులు చేసిపెట్టమ్మా" అని కోడలికే ఇచ్చాను. చేసిపెట్టింది.

మిగిలిన టీ తాగి, ఇంకో గ్లాసు అడిగాను.