గోడకు అటు టెంకాయలు, ఇటు చామంతులు

2022లో పుంగనూరు పాత మార్కెట్‌ను బాగుచేసే పని జరుగుతున్నప్పుడు నేను కాంట్రాక్టర్ తరఫున సైట్ సూపర్‌వైజర్‌ని. మాది మదనపల్లె. పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. ఆ రాతిగోడలు ఎంత గట్టివో చెబితే మీరు నమ్మరు. కూలగొట్టడానికి తెచ్చిన బ్రేకర్ మిషన్ మొదటి రోజే వణికి జ్వరం తెచ్చుకుంది. రెండో రోజు బతిమాలి లేపాం. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో నాకూ గుర్తు లేదు.

పాత మార్కెట్లో జనం అరుగుల మీద కూర్చుని అమ్మేవాళ్లు. మధ్యలో సన్నటి సందు, చెయ్యి చాపితే ఎదుటి అరుగు అందేది. కొత్త ప్లాన్‌లో ఆ సందు లేదు. షాపులు బ్యాక్ టు బ్యాక్, అంటే రెండు వరుసలకు కలిపి మధ్యలో ఒకటే గోడ, వీపుకు వీపు ఆనించినట్టు. పైన వాన కారని షీట్లు, షాపుకో లైటు, కొళాయి. డ్రా తీసి షాపులిచ్చారు. మార్చుకోవడం కుదరదని ముందే చెప్పారు.

కొత్త మార్కెట్ తెరిచి వారం తిరగకముందే పూలమ్మే లక్ష్మమ్మ నన్ను పిలిచింది. కుప్పం వైపు నుంచి బస్సులో వచ్చిన చామంతులు బుట్టలో అలాగే ఉన్నాయి. ఎండ బాగా ఎక్కింది.

“ఈ అంగడి నాకొద్దప్పా. బీగంచెవి తీసుకో” అని షాపు తాళంచెవి నా ముందుకు చాపింది.

“యాలమ్మా? లైటుండాది, నీళ్లుండాయి. ఇంకేం కావాల?”

“బోణీ కాలేదు.”

అంతలో ఒకామె మూర పూలు అడిగింది. “కొంచేపు తాళమ్మా” అంది లక్ష్మమ్మ. ఆమె పక్క అంగడికి పోయింది. వచ్చిన గిరాకీని పంపేసి బోణీ లేదంటుందేమిటని అడిగాను.

పాత మార్కెట్లో ఆమెకు ఎదురుగా టెంకాయల మునెప్ప కూర్చునేవాడట.

“దినామూ ఆయప్ప నా తాన మూర పూలు కొంటాడు, నేను ఆయప్ప తాన టెంకాయ కొంటా. అది అయినంకనే ఇంగో బేరం. మొదట్లో పెండ్లానికి తీసకపోతాన్నాడు. ఆమె పోయినాక టెంకాయల కుప్పకు సుట్టి పెడతాండాడు. ఒక్క దినం తప్పలేదు.”

“మరి లేసి, సుట్టుకోని పోయి కొనుక్కో.”

“బోణీ కాకుండా అంగడి ఇడిసి లేస్తారా యాడన్నా? నీకు గోడలు కట్టేది తప్ప ఏమీ తెల్దే.”

నేనే చుట్టుకొని వెళ్లాను. సరిగ్గా ఆ గోడకు అవతలే మునెప్ప టెంకాయల నడుమ కూర్చుని ఉన్నాడు. ఆయనా లేవలేదు, ఏమీ అమ్మలేదు.

“ఆయమ్మ వచ్చిందా అప్పా?”

“వచ్చింది. అంగడి వదిలేస్తానంటాండాది.”

మునెప్ప వెనక్కి తిరిగి గోడవైపు చూశాడు. “పూలమీద నీళ్లు సల్లేది వినబడతానే ఉండాది” అన్నాడు.

మర్నాడు మేస్త్రీతో గోడలో టెంకాయ పట్టేంత కన్నం పెట్టించాను. ప్లాన్‌లో లేని మార్పును మా పనిలో డీవియేషన్ అంటారు. అది కనబడితే బిల్లు ఆగుతుంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు డీఈ గారికి ముందు అదే కనబడింది.

“ఇదేంది?”

“వెంటిలేటర్ సార్.”

“వెంటిలేటర్ పైన పెడతారు గదప్పా. ఇది కూర్చున్నోళ్ల చేతికందేటట్టు ఉండాది.”

“చామంతి వాసన బరువు సార్, పైకి లేయదు. కుప్పంలో ఒక పెండ్లికొడుకు పూలగదిలో తలుపేసుకోని కూర్చోని అట్లే నిద్రపోయినాడు. లేసేసరికి పెండ్లి, భోజనాలు అన్నీ అయిపోయినాయి.”

ఆయన నవ్వలేదు. వంగి కన్నంలోంచి చూశాడు. అవతలి నుంచి ఒక చెయ్యి టెంకాయ పట్టుకుని వచ్చింది. ఇవతలి నుంచి లక్ష్మమ్మ దాన్ని అందుకుని, ఆ చేతిలోనే మూర పూలు పెట్టింది. చెయ్యి కాసేపు అలాగే ఉండి వెనక్కి పోయింది.

“గాలి బాగానే ఆడతాండాది” అని, కన్నాన్ని డ్రాయింగ్‌లో వెంటిలేటర్‌గా గుర్తు పెట్టించాడు.

ఆయన వెళ్లాక లక్ష్మమ్మ అడిగింది. “ఇంగ నాలుగు ఇటుకలు తీయరాదా? చెయ్యే కనబడతాండాది. మొగం కనబడల్యా.”

“ఇంగ తీస్తే గోడ నిలవదమ్మా.”

“ముందే అడిగింటే సెప్పేవాళ్లం గదప్పా” అని, వచ్చినామెకు పూలు కొలవసాగింది. బీగంచెవి మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త దారిని వెడల్పుగా, శుభ్రంగా కట్టాం. అయినా నాకిప్పుడు గుర్తొచ్చేది కూలగొట్టిన ఆ ఇరుకు సందే. ఎవరు ఎంత చోటులో కూర్చున్నారో కొలిచాం గానీ, ఎవరికి ఎదురుగా కూర్చున్నారో చూడలేదు. అది కూడా సైటు కొలతేనని ఆ పనిలో నేర్చుకున్నాను.

ఇప్పుడు కుప్పం దగ్గర ఒక సంత షెడ్డు పని మీద ఉన్నాను. ఎవరి చోటు ఎంతో గీత వేసే సున్నం ఇంకా బస్తాలోనే ఉంది. ఒక టమాటాలామె గంప విప్పకుండా ఎదుటి ఖాళీ చోటు వంకే చూస్తోంది. అక్కడ కూర్చునే మనిషి రానీ, తర్వాత గీస్తాం.