పది రెట్ల బైనాక్యులర్స్

అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. సగం గీకి, లోపల కూర్చుండిపోయాను. ఈ మధ్య నాకు ఏ పనికీ ఓపిక ఉండడం లేదు.

ఆయన నాకు బంధువేమీ కారు. అమెరికాలో, నోవై అనే ఊళ్లో నా మొదటి ఉద్యోగంలో సీనియర్ ఇంజినీర్. 2005లో నేను వచ్చిన కొత్తలో, శనివారాలన్నీ నిద్రకే అర్పించిన నన్ను లేపి, పక్షులు చూడ్డానికి ఊరి బయట చిత్తడి నేలకి లాక్కెళ్లేవారు. నాకేమో పక్షుల కంటే బైనాక్యులర్స్ పిచ్చి పట్టుకుంది.

అప్పటికే అందరి చేతుల్లో మోడల్ మారిపోతోంది. అంకుల్‌ది భుజాలు వెడల్పుగా ఉండే పాతకాలపుది, ఏడు రెట్లు పెద్దగా చూపించేది, తోలు ఊడితే టేపు చుట్టినది. మిగతావాళ్లవి రెండు తిన్నని గొట్టాల్లా సన్నగా, వానలో తడిసినా పాడవనివి. నేను రివ్యూలు చదువుతూ అన్నం చల్లార్చుకునేవాణ్ని. మూడేళ్లలో మూడు మార్చాను. ప్రతిసారీ ఆయన నా కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నంబర్ పెరిగితే పక్షి ఒక్కటే పెద్దదవదోయ్, నీ చేతి వణుకూ పెద్దదవుతుంది" అనేవారు. నేను వింటేగా!

ఆయన రిటైరైనప్పుడు ఆఫీసువాళ్లమంతా కలిసి పది రెట్లది ప్రెజెంట్ చేశాం. ఎంపిక నాదే. "ఇంత ఖరీదైంది నాకెందుకయ్యా" అంటూనే మెళ్లో వేసుకున్నారు. వారం తిరక్కుండా పాతదాన్ని ఎవరికో ఇచ్చేశారు. మేమిచ్చింది పక్కనపెట్టి పాతది వాడితే మేం చిన్నబుచ్చుకుంటామని ఆయన భయం.

ఆ తర్వాత రెండేళ్లు అదే వాడారు. చేతులు వణుకుతుంటే, "చలి అంకుల్, గ్లవ్స్ వేసుకోండి" అన్నాను. మే నెలలోనూ అదే అన్నాను. ఆఫీసు రిలీజులు, వీసా రెన్యువల్, నా గోల నాది.

"అదుగో అంకుల్, కనిపించిందా?"

"ఆఁ, కనిపించిందోయ్. బ్యూటిఫుల్!"

అంత్యక్రియలయ్యాక ఆంటీ ఆయన పక్షుల నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "వణుకుడు జబ్బని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు బాబూ. నీకు చెప్పొద్దన్నారు. గిఫ్ట్ సెలెక్ట్ చేసింది వాడే, ఫీలవుతాడన్నారు."

తన కంటితో చూడని పక్షిని అంకుల్ తన ఖాతాలో రాసుకోరు. కూత విన్నా రాయరు. చివరి రెండేళ్ల పేజీల్లో ప్రతి శనివారం కింద పక్షుల పేర్లు, వాటి పక్కన వంకర టింకర అక్షరాల్లో "అబ్బాయి చూశాడు" అని ఉంది. ఆయన చూసినట్టు ఒక్కటీ లేదు.

ఇప్పుడు అందరూ మళ్లీ ఎనిమిది రెట్లకే దిగుతున్నారట, చెయ్యి నిలుస్తుందని. చదివి ఫోన్ పక్కన పడేశాను. సిగ్గుతో పాటు ఒళ్లంతా అలసటగా ఉంది.

పోయిన మే నెల పొద్దు ఒకటి కళ్లముందు నుంచి కదలడం లేదు. కుడివైపు విల్లో చెట్టు కొమ్మ మీద చిన్న పసుపు పిట్ట. నేను ఉత్సాహంగా చెయ్యి చాపి చూపిస్తున్నాను. ఆయన మోచేతులు రొమ్ముకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నవ్వుతూ, ఎడమవైపు ఖాళీ ఆకాశంలోకి చూస్తున్నారు.