సీతారావమ్మను మంచాన పడేసిన నర్సు

రోగిని లేపి నడిపించడం నర్సు పని. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను మాత్రం నడుస్తున్న మనిషిని పడుకోబెట్టాను. ఆవిడ ఇంటి తలుపు ఊడదీయించాను. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు లేకుండా చేశాను. ఇంత విధ్వంసానికీ ఒక్క మందుబిళ్ళ ఖర్చు కాలేదంటే నమ్ముతారా?

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళకు ఆరోగ్య పాఠాలు చెప్పడం నా పని. మందుల్లేకుండా నడుం నొప్పిని అదుపులో పెట్టడం గురించి ట్రైనింగులో మా టీచరు చక్కగానే చెప్పారు. "మరీ పట్టేస్తే గట్టి బల్ల మీద విశ్రాంతి. ఒకటి రెండు రోజులయ్యాక మెల్లగా నడిపించాలి." మొదటి వాక్యం నా బుర్రలో దిగబడిపోయింది. రెండోది వచ్చేసరికి నా ధ్యాస భోజనం మీదకు పోయింది.

ఆ సగం చదువుతో సీతారావమ్మ వాకిట్లో అడుగుపెట్టాను. యాభై దాటిన రైతు మనిషి. మిరపతోటలో వంగి వంగి ఏళ్ళ తరబడి నడుం నొప్పి.

"బిళ్ళలేసుకుంటే కడుపులో మంట నర్సమ్మా. అయ్యి లేకుండా తగ్గే దారుందంటగా?"

"ఎందుకు లేదండీ! గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోండి. కదలకూడదు."

"ఎన్నాళ్ళమ్మా?"

"తగ్గేదాకా!" అన్నాను. తీర్పు చదివే జడ్జిగారికి కూడా అంత ధీమా ఉండదు.

ఆవిడ భర్త కోటయ్య తల గోక్కున్నాడు. "మాయన్నీ నులక మంచాలేనమ్మా. అంత పొడుగు బల్ల ఎక్కడ తెచ్చేది?"

నేను ఇల్లంతా కలయజూసి వీధి తలుపు వైపు వేలు చూపించాను. సాయంత్రానికి తలుపు రెక్క ఊడి నట్టింట్లో పరుచుకుంది. దాని మీద సీతారావమ్మ, ఎండబెట్టిన అప్పడంలా. వంట కోటయ్య మీద పడింది.

తర్వాతి వారం వెళ్ళాను.

"ఎలా ఉందండీ?"

"ఇంకా పట్టేసింది. పక్కకి తిరగాలన్నా ప్రాణం పోతంది."

అక్కడైనా నాకు అనుమానం రావాలా? రాలేదు. "అంటే విశ్రాంతి చాల్లేదన్నమాట!" అన్నాను.

"జగ్గయ్యపేటలో మా అక్క కూతురి పెళ్ళమ్మా. నా చేతుల్లో పెరిగిన పిల్ల. బస్సెక్కి పోవచ్చా?"

"బస్సా! నడుం రెండు ముక్కలవుద్దండీ!"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను చూసీ చూడనట్టు సంచీ సర్దుకున్నాను. పెళ్ళికి కోటయ్య ఒక్కడే వెళ్ళాడు.

అతను ఊళ్ళో లేని ఆ రోజే, తలుపు లేని గుమ్మంలోంచి పక్కింటి గేదె చుట్టంలా నడిచొచ్చి అన్నం గిన్నెలో మూతి పెట్టింది. సీతారావమ్మ గోడ పట్టుకుని లేచి, కర్ర అందుకుని, తిడుతూ దాన్ని వీధి చివరిదాకా తోలింది. మొదట అడుగడుగునా నరకమట. తిరిగొచ్చేటప్పటికి నడుం కాస్త సడలిందట. మర్నాటి నుంచి దొడ్లో మెల్లగా నడవడం, వేడి ఇసుక మూటతో కాపడం మొదలుపెట్టింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి ఉంది!

గేదె పాటి వైద్యం రాదా నీకు అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పిల్ల పెళ్ళి చూడలేదమ్మా. మా అక్క నాతో మాట్లాట్టంలేదు" అంది.

తిట్టినా బాగుండేది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆదివారం బస్సెక్కి జగ్గయ్యపేటలో వాళ్ళక్క ఇంటికి వెళ్ళాను.

"తప్పు నాదండీ. మీ చెల్లెల్ని కదలొద్దన్నది నేనే."

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఇంత పిల్లవి చెబితే అది విందా! పందిట్లో మా అమ్మాయి, పిన్నేదీ పిన్నేదీ అని అడుగుతానే ఉంది. మళ్ళా పెళ్ళి చెయ్యలేంగా?"

తలొంచుకుని గుమ్మం వైపు తిరిగాను.

ఆవిడే ఆపి మజ్జిగ తెచ్చిచ్చింది. "సరేలే. రేపు దాన్ని రమ్మని చెప్పు." తర్వాత నడుం మీద చెయ్యేసుకుని గొంతు తగ్గించింది. "నాకూ నడుం నొప్పేనమ్మా. ఏం చెయ్యమంటావు?"

నాలుక చివరిదాకా వచ్చిన పాఠాన్ని మజ్జిగతో పాటు మింగేసి అడిగాను:

"ముందిది చెప్పండి. దగ్గర్లో ఇంకేమన్నా పెళ్ళిళ్ళున్నాయాండీ?"

ఆ సాయంత్రం బస్టాండులో, రోగి బతుకంతా వినకుండా ఇక నోరు విప్పనని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. నాకేదో పూనిందనుకుని పక్కావిడ సంచీ తీసుకుని దూరంగా జరిగింది.