మోతి మెడలో లేని బిళ్ళ

రాయచూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, అక్కడి కూలీలకు జొన్నరొట్టెలు చేసి అమ్మేది కృష్ణాబాయి. ఆమె కుక్క పేరు మోతి. దానికి ఏటా సూది వేయించేది, వాకిట్లోనే గొలుసుతో కట్టేసేది. పెంపుడు కుక్క అని సర్కారు ఇచ్చిన ఇత్తడి బిళ్ళను మాత్రం దాని మెడకు కట్టలేదు. సర్కారు ముద్ర మైలపడుతుందని దేవుడి గూట్లో పెట్టి, రోజూ కుంకుమ పెట్టేది.

ఒకరోజు పిచ్చికుక్క తిరుగుతోందని పోలీసులు తుపాకులతో గల్లీలోకి వచ్చారు. బిళ్ళ లేని కుక్కనల్లా కాల్చమని వాళ్లకు హుకుం. పిచ్చికుక్క ఎటో పారిపోయింది. వీళ్ల చేతికి చిక్కింది కట్టేసిన కుక్క!

తూటా చప్పుడుకు కృష్ణాబాయి పిండి చేతులతోనే బయటికి పరిగెత్తింది.

"మెడలో బిళ్ళ లేదు. తప్పు నీదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె లోపలికి వెళ్లి, కుంకుమ బొట్టుతో ఉన్న బిళ్ళను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అవ్ సాబ్, ఇది కట్టకపోవుడు నా తప్పే. మరి గొలుసు మీ కండ్లకు కనబడలేదా?"

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. అతను వంగి, మోతి మెడలోని గొలుసు విప్పబోయాడు.

"ముట్టకు!" అని అరిచింది కృష్ణాబాయి. "గొలుసు గట్లనే ఉండనీ. మీరు దేన్ని కాల్చిండ్రో గల్లీ అంతా చూడనీ."